ఇంకా పుట్టని మనిషికి సన్మానం

గుంటూరు సీమకి వెళ్ళొచ్చానంటే మా బడిలో పంతులమ్మలందరూ ముందు అడిగింది కారం గురించే. కారం సంగతి తరవాత చెబుతాను. నాకు నలభై ఆరేళ్ళు. ఇరవై ఏళ్ళుగా పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయిస్తున్నాను. గోదావరి వరద మూడుసార్లు మా వంటింట్లోకి వచ్చి పోయింది. ఇక ఈ లోకంలో నన్ను నిర్ఘాంతపరిచేది ఏమీ లేదని కాస్త గర్వంగానే ఉండేదాన్ని. నాలుగు రోజుల్లో ఆ గర్వం మొత్తం దిగిపోయింది.

నేను వెళ్ళిన ఊరి పేరు రాయను. ఆ ఊరివాళ్ళకి చదువుంది, నోరూ ఉంది. ఇది కంటబడితే బస్సెక్కి వచ్చి మరీ నాతో దెబ్బలాడతారు. పర్చూరు దాటాక, చీరాల చేరేలోపు ఎక్కడో ఉందనుకోండి, చాలు.

ఎందుకు బయల్దేరానంటే

మా తమ్ముడు సత్తిబాబు పటాలంలో పనిచేసేవాడు. చైనాతో యుద్ధం వచ్చినప్పుడు వాడు ఆ మంచుకొండల్లోనే ఉన్నాడు. యుద్ధం ఆగిన కొన్నాళ్ళకి ఇంటికి టెలిగ్రాం వచ్చింది. మనిషి కనబడుట లేదు, మరణించినట్టు భావించబడుచున్నది అని దాని సారాంశం. మా పెదనాన్న "మరణించినట్టు" అన్న ముక్క దగ్గర ఆగిపోయాడు. నేను "భావించబడుచున్నది" దగ్గర ఆగాను. భావించడానికి వీళ్ళెవరు? సత్తిబాబు భార్య, నా మరదలు పూర్ణ, అసలు చదవనే లేదు. కాగితం మడిచి దేవుడి గూట్లో పెట్టేసింది.

చలికాలం వెళ్ళిపోయింది. పట్టుబడ్డవాళ్ళని వదిలిపెడుతున్నారని రేడియోలో చెప్పారు. పేపర్లో వచ్చిన పేర్లన్నీ వేలు పెట్టి వెతికాం. మావాడి పేరు లేదు. ఇంతలో మా అమ్మకి కలలు మొదలయ్యాయి. సత్తిబాబు గుమ్మంలో నిలబడి "అమ్మా, ఆకలేస్తోందే" అంటున్నాడట. అది విని పెదనాన్న, "పిండం లేక వాడి ప్రాణం కొట్టుకుంటోంది. అమావాస్య లోపల కర్మ చేసేద్దాం" అని తేల్చేశాడు.

నేను గయ్యిమన్నాను. "వాడు పోవడం చూశావా? చూసినవాణ్ణి చూశావా?" అని అడిగాను.

"అయితే నువ్వే పట్టుకురా, చూసినవాణ్ణి. వాడు బతికున్నాడని ఒక్కడు చెప్పినా నేను నోరు మూసుకుంటాను" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఉత్తరం వచ్చింది. గుంటూరు జిల్లాలో ఒక ఊరి హెడ్మాస్టరు గారు రాశారు. వాళ్ళ ఊరి కోటేశ్వరరావు మా తమ్ముడి పటాలం వాడే. శత్రువులకి పట్టుబడి, విడుదలై వచ్చాడు, మా విలాసం అతనే ఇచ్చాడట. ఆ ఊరి వాళ్ళే ఇంకా ఇద్దరు కనబడకుండా పోయారు. వీళ్ళందరి గౌరవార్థం సభ పెడుతున్నాం, మీ తమ్ముడి ఫోటో పట్టుకుని మీరూ రండి అని. నేను ఆ రోజే సంచీ సర్దుకున్నాను. ఆ కోటేశ్వరరావుని ఒక్క ప్రశ్న అడగాలి, జవాబు తెచ్చి పెదనాన్న ముఖాన కొట్టాలి. నా యాత్ర మొత్తానికి కారణం అదే.

పూర్ణని కూడా రమ్మన్నాను. "రాను వదినా, నేను ఇంట్లో ఉండాలి" అంది. ఎందుకుండాలో చెప్పలేదు. నేనూ అడగలేదు.

మంగళగిరి

కృష్ణ దాటాక నేల రంగే మారిపోతుంది. మాకు ఎటు చూసినా కొబ్బరి, అరటి, కాలవ నీళ్ళు. ఇక్కడ ఎండకి నెర్రెలిచ్చిన నల్లమట్టి, మొండి మొండిగా పత్తి మోళ్ళు. మంగళగిరిలో దిగి కొండెక్కాను. పైన స్వామి పానకం తాగుతాడని మా వైపు కూడా చెప్పుకుంటారు కానీ, నేను నమ్మినదాన్ని కాదు. పూజారి శంఖంతో స్వామి నోట్లో పానకం పోస్తుంటే లోపల గుటగుటమని చప్పుడైంది. సగమయ్యాక చప్పుడు ఆగింది. మిగతా సగం నా చెంబులోనే తిరిగి పోశాడు. సగం ఆయనకి, సగం మనకి, ఎవరు పోసినా అంతేనట. నేను మెట్ల మీద కూర్చుని "మా వాణ్ణి కూడా మొత్తం తీసుకోకు నాయనా" అని మొక్కుకున్నాను. ఎప్పుడూ మొక్కులు మొక్కే మనిషిని కాను.

కింద సాలెల వీధిలో ఇంటింటా మగ్గాల చప్పుడే. కోటేశ్వరరావు ఇంటికి చేతులూపుకుంటూ వెళ్ళలేను కదా, వాళ్ళావిడకి నెమలికంఠం రంగు చీర ఒకటి ఎంచాను. ఎవరికని నేతాయన అడిగితే, పట్టుబడి తిరిగొచ్చిన సైనికుడి భార్యకని చెప్పాను. ఆయన పద్నాలుగు రూపాయల చీర పన్నెండుకే ఇచ్చి, పసుపు కొమ్ము ఒకటి చెంగుకి తనే ముడేశాడు. "పుణ్యస్త్రీ కట్టే చీరండీ, ఉత్తగా ఇవ్వకూడదు" అన్నాడు.

గుంటూరు

ఇప్పుడు కారం. బస్సు కోసం ఆగి ఒక భోజనం హోటల్లోకి వెళ్ళాను. ముప్పావలా భోజనం. మా వైపు పప్పు తరవాత కూర, కూరలో కాస్త బెల్లం తగులుతుంది. ఇక్కడ పప్పు కన్నా ముందే ఎర్రటి పచ్చడి, దాని మీద నూనె పోసి "కలుపుకోండమ్మా" అంటూ నిలబడ్డాడు వడ్డించే ఆయన. మొదటి ముద్దకి చెవుల్లోంచి ఆవిరి వచ్చినట్టయింది. రెండో ముద్దకి నీళ్ళ గ్లాసు పట్టుకున్నాను. "నీళ్ళు తాగితే ఇంకా మండుద్దండి, ఇంకో ముద్ద తినండి, సర్దుకుంటది" అన్నాడు. ఏమిటీ మనుషులు అనుకుంటూనే తిన్నాను. నిజంగానే సర్దుకుంది. కానీ కడుపు మాత్రం రెండు రోజులు నన్ను తిట్టుకుంది.

కల్లం దగ్గర

ఊరు చేరేసరికి మూడో జాము ఎండ. ఊరి మొదట్లోనే కల్లం, అంటే మిరపకాయలు ఎండబెట్టే మైదానం. ఆఖరు కోత కాయలు నేలంతా ఎర్రగా పరిచి ఉన్నాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. నేను ఊరుకోకుండా ఒక కాయ తీసి విరిచి చూశాను. ఆ చేత్తోనే చెమట తుడుచుకున్నాను, కంట్లో పడింది. అయ్యబాబోయ్, కన్ను ఊడిపోయిందనుకున్నాను. రోడ్డు మీద కూలబడిపోయాను.

ఎవరో వచ్చి నా చేతులు రెండూ పట్టేసుకున్నారు. "నలపమాకండి! నలిపితే ఇంకా ఎక్కువవుద్ది" అని ఒక ఆడగొంతు. చల్లని మజ్జిగలో ముంచిన గుడ్డ కళ్ళ మీద వేసింది. కాసేపటికి కళ్ళు తెరుచుకున్నాయి. ఎదురుగా ఇరవై ఆరేళ్ళ పిల్ల. నుదుట బొట్టు లేదు, చేతులకి గాజుల్లేవు, మెడ బోసి. ఇంత చిన్న వయసులోనా అని నా గుండె తరుక్కుపోయింది. కనబడకుండా పోయిన ఇద్దరిలో ఎవరి భార్యో అనుకున్నాను.

"కోటేశ్వరరావు గారి ఇల్లెక్కడమ్మా?" అని అడిగాను.

"మా ఇల్లేనండి. నేను ఆయన భార్యని, అంజమ్మని."

నాకు అర్థం కాలేదు. "అదేమిటమ్మా? ఆయన తిరిగొచ్చాడని రాశారే?"

"వచ్చాడండి, పదకొండు రోజులయింది. అదుగో, ఆ పొగాకు బ్యారన్లో ఉన్నాడు." పొలంలో ఎత్తుగా ఉన్న ఇటుక కట్టడం చూపించింది. పొగాకు ఆకు కాల్చే కొట్టది.

"మరి ఈ బోసి నుదురేంటమ్మా?"

"ఆయన ఇంకా పుట్టలేదుగా" అంది అంజమ్మ, బస్సు ఇంకా రాలేదన్నంత మామూలుగా. "రేపు పొద్దున పుడతాడండి. ఆ తరవాత పెళ్ళి. సాయంత్రం సభ."

ఎండ దెబ్బకి నా చెవులు పనిచెయ్యడం లేదేమో అనుకున్నాను.

హెడ్మాస్టరు గారి అరుగు

హెడ్మాస్టరు గారు నెమ్మదస్తులు. అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి విడమరిచి చెప్పారు. కోటేశ్వరరావు ఇంటికి కూడా మాకొచ్చినలాంటి టెలిగ్రామే వచ్చింది. తల్లి నాగమ్మ గారికి కొడుకు కలలో కనబడి, ఆకలేస్తోందని ఏడ్చాడట. ఆవిడ తట్టుకోలేకపోయింది. వాడికి ముద్ద పెట్టండి, పెట్టండి అని అందరి కాళ్ళూ పట్టుకుంది. సరేనని మోదుగాకులతో మనిషి బొమ్మ చేసి దహనం చేశారు, పది రోజులు పిండాలు పెట్టారు. అంజమ్మ బొట్టు చెరిపారు. మూడు నెలలకి మనిషి బస్సు దిగాడు.

అదే కల. అదే మాట. మా అమ్మకి వచ్చిందే ఈవిడకీ వచ్చింది.

"కర్మ అయిపోయినవాడు లోకానికి చచ్చినవాడేనమ్మా" అన్నారు హెడ్మాస్టరు గారు. "ఇంట్లో అడుగు పెట్టకూడదు, భార్యని చూడకూడదు. మళ్ళీ పుట్టాలి, పేరు పెట్టుకోవాలి, మళ్ళీ ఆ పెళ్ళాన్నే పెళ్ళి చేసుకోవాలి. శాస్త్రంలో ఉందని పురోహితుడు పుస్తకం తీసి చూపించాడు. నేను మూఢనమ్మకం అన్నాను. ఊరు ఒప్పుకోలేదు. పుట్టని మనిషికి సన్మానమేంటి, దండ ఎవరి మెళ్ళో వేస్తారు అన్నారు."

"ఆ కుర్రాడేమంటాడు?"

"బ్యారన్ వెచ్చగా ఉంది, నాకు హాయిగానే ఉందని వాళ్ళమ్మతో అన్నాడట."

నాకు ఒళ్ళు మండింది. మంచులోంచి, శత్రువుల చేతుల్లోంచి బతికొచ్చినవాణ్ణి పొగాకు కొట్టులో పెడతారా? ఆ సాయంత్రమే వెళ్ళి నా ప్రశ్న అడుగుదామంటే, పుట్టేవరకూ తల్లీ పురోహితుడూ తప్ప పైవాళ్ళెవరూ మాట్లాడకూడదన్నారు. అన్నం తీసుకెళ్ళే అంజమ్మ కూడా గుమ్మం దగ్గర పెట్టి, గోడకి ఇటు నిలబడి తిరిగొస్తుంది.

పుట్టుక

పొద్దున్నే బ్యారన్ ముందు తాటాకు పందిరి కింద ఊరంతా చేరింది. పెద్ద గంగాళంలో నీళ్ళు, పాలు, నెయ్యి కలిపి పోశారు. కోటేశ్వరరావు బయటికొచ్చాడు. ముప్ఫై రెండేళ్ళ మనిషి, నల్లగా, పొడుగ్గా, చెంపలు లోపలికి పోయి ఉన్నాడు. గోచీ పెట్టుకుని, మోకాళ్ళు గుండెలకి ఆనించి గంగాళంలో ముడుచుకుని కూర్చున్నాడు. సగం మనిషి బయటే ఉండిపోయాడు. నవ్వొస్తుందేమోనని భయపడ్డాను. రాలేదు.

"పిడికిళ్ళు బిగించాలి నాయనా, గర్భంలో బిడ్డలాగా" అన్నాడు పురోహితుడు.

అతను ఎడమ చెయ్యి బిగించాడు. కుడి చెయ్యి పైకెత్తి చూపించాడు. మంచు కొరికేసి మూడు వేళ్ళు పోయాయి. "ఇది ఇంతే బిగుసుద్దండి, పంతులుగారూ" అన్నాడు.

నాగమ్మ గారు తన పాత చీర కొంగు గంగాళం మీద కప్పింది. మంత్రాలు చదివారు. కొంగు తీశారు. అప్పుడు కర్ర పొడుచుకుంటూ ఒక పండుముసలి వచ్చింది. ముప్ఫై రెండేళ్ళ కిందట ఇతని తల్లికి పురుడు పోసిన మంత్రసాని ఆవిడే. బొడ్డుతాడుకి గుర్తుగా కట్టిన దారం కొడవలితో కోసింది.

"ఏడవరా" అంది.

అతను సిగ్గుపడి నవ్వాడు.

"ఏడవరా ఒరేయ్! అప్పుడూ ఇంతే, రెండు దెబ్బలు పడితేగానీ నోరు తెరవలేదు" అని వీపు మీద చెళ్ళుమని ఒకటి వేసింది. అతను ఇంకా నవ్వుతున్నాడు. రెండో దెబ్బకి ఆ నవ్వు ఎటో వెళ్ళిపోయింది. నోరు తెరిచి ఏడ్చాడు. పసిపిల్లాడి ఏడుపు కాదది. ఆ కొండల్లో, ఆ చెరలో ఏడవకుండా దాచుకున్నదంతా ఏడ్చాడు. మగవాడు అలా ఏడవడం నేను చూడలేదు. పందిట్లో మగవాళ్ళు తల దించుకున్నారు. నాగమ్మ గారు తడి మనిషి తలని ఒళ్ళో పెట్టుకుని, "అప్పుడు మూడు రోజులు నొప్పులు పడి కన్నానురా. ఇవాళ ఉత్తపుణ్యానికి పుట్టావు నాయనా" అని నెత్తి నిమిరింది.

నాలుక మీద తేనె రాశారు. చీరతో ఉయ్యాల కట్టి ఎక్కించారు, దూలం కిర్రుమంది. పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాయమన్నారు. నక్షత్రం ప్రకారం కొత్త పేరు పెట్టాలని పురోహితుడు అంటే, "మొదటి పేరుకేం తెగులొచ్చింది?" అని నాగమ్మ గారు కసిరింది. అదే పేరు రాశారు. ఇదంతా నేను నోరు తెరుచుకుని చూశాను. తెరిచిన నోట్లో కూడా ఎవరో పాయసం పెట్టారు.

గాజులు

తరవాత పెళ్ళి. అంజమ్మని పసుపు బట్టల్లో తెచ్చి పీట మీద కూర్చోబెట్టారు. ఒక ముత్తైదువ పచ్చగాజుల మలారం పట్టుకుని ముందుకొచ్చింది. అంజమ్మ రెండు చేతులూ వెనక్కి లాక్కుంది.

"నా గాజులు పగలగొట్టిన చేతులే తొడగాలి" అంది.

పందిట్లో గుసగుసలు లేచాయి. పగలగొట్టింది ఎవరు? అత్త నాగమ్మ గారే. ఆవిడ భర్త పోయిన మనిషి. పెళ్ళిపీట దగ్గరికి ఆవిడ రాకూడదు, గాజులు ముట్టుకోకూడదు. మా గోదావరి వైపూ అంతే, ఈ విషయంలో మేమేం గొప్పవాళ్ళం కాదు.

"అపచారం తల్లీ! ముత్తైదువ చేతులు కావాలి" అన్నాడు పురోహితుడు.

"పగలగొట్టేటప్పుడు ఈ చేతులు పనికొచ్చినయ్ గదండీ" అంది అంజమ్మ. గొంతు పెంచలేదు. "ఆ రోజు వద్దు వద్దని మొత్తుకున్నా. నన్నొక్కళ్ళూ అడగలా. రాయి తెచ్చి కొట్టారు. ఇదుగో మచ్చ." మణికట్టు చూపించింది. "ఆవిడ తొడగకపోతే నేను పీట దిగిపోతా. ఆయన పుట్టాడు, సంతోషం. వేరే పిల్లని చూసుకోండి."

ఎవరో "ఓసి నీ పొగరు!" అన్నారు. కోటేశ్వరరావు మాత్రం తల ఊపి, "అమ్మా, రా" అన్నాడు.

నాగమ్మ గారు పందిరి బయట, గుంజ వెనక నిలబడి ఉంది. ఊరంతా చూస్తుండగా ఒక్కో అడుగు వేసుకుంటూ వచ్చి పీట ముందు కూలబడింది. "నేను వాడి ఆకలి చూసి చేశానే తల్లీ, నీ మీద పగతో కాదు" అంది.

"తెల్సులే అత్తా. తొడుగు" అంది అంజమ్మ.

ఒక్కో గాజూ తొడగడానికి ఆ ముసలి చేతులకి ఎంతసేపు పట్టిందో. మచ్చ దగ్గరికి వచ్చేసరికి ఆగి, దాని మీద వేలితో రాసింది. పన్నెండు గాజులు తొడిగేవరకూ సన్నాయివాళ్ళు కూడా ఊదలేదు. నేను నిలబడిన చోటే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. తాళి కట్టేటప్పుడు వేసిన అక్షింతలు నా నెత్తి మీద కూడా పడ్డాయి. నెమలికంఠం చీర ఇస్తే, అప్పటికప్పుడు దాని చెంగున ఉన్న పసుపు కొమ్ము విప్పి కళ్ళకద్దుకుంది ఆ పిల్ల.

సభ

సభ బడి ముందు జరిగింది. వేదిక మీద కోటేశ్వరరావు, అతని పక్కన మూడు కుర్చీలు. ఆ మూడింటిలో మూడు ఫోటోలు. ఊరివాళ్ళు ఇద్దరు, మూడోవాడు మా సత్తిబాబు, పెళ్ళినాటి కోటు వేసుకుని. కింద ముందు వరసలో ఆ ఇద్దరి తల్లులూ, నేనూ.

జిల్లా కేంద్రం నుంచి వచ్చిన ఒక అధికారి చక్కగా మాట్లాడారు. మంచి మనిషే. మాట్లాడడం అయ్యాక, అలవాటు కొద్దీ పళ్ళెంలో ఉన్న బంతిపూల దండలు తీసి, ఒక్కో ఫోటోకీ వేసుకుంటూ పోయారు. ఫోటోకి దండ అంటే ఏమిటో తెలియనివాళ్ళు మనలో ఎవరున్నారు? పక్కనున్న తల్లి "అయ్యో" అని గుండె మీద కొట్టుకుంది. చప్పట్లు కొట్టబోయిన చేతులు గాల్లోనే ఆగాయి. ఆయనకి పాపం ఏం జరిగిందో తెలియలేదు.

కోటేశ్వరరావు లేచాడు. మిగిలిన రెండు వేళ్ళతో మొదటి ఫోటో దండ తీశాడు, తరవాత రెండోది, తరవాత మా వాడిది.

"తమరేం అనుకోమాకండి, సార్" అన్నాడు. "నాక్కూడా వేశారు ఇట్టాగే. అది తీయించుకోటానికి ఇవాళ పొద్దున ఈ వయసులో ఉయ్యాలెక్కా."

జనం గొల్లుమన్నారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. అతను వేదిక దిగి వచ్చి ఆ దండలు మా ఒళ్ళో పెట్టాడు. "వచ్చినప్పుడు మెళ్ళో వెయ్యండి" అన్నాడు.

నా ప్రశ్న

సభ అయ్యాక, ఇంకా వెలుగుండగానే, వాళ్ళ ఇంటి అరుగు మీద అడిగాను. అంజమ్మ పక్కనే కూర్చుంది. ఫోటో చేతికిచ్చాను.

అతను దాన్ని వెలుగు వైపు తిప్పి చూశాడు. "సత్తిబాబు నవ్వితే ఇంత దూరం వినపడేదండి" అన్నాడు. "ఆఖరుసారి ఒక లోయ దిగేటప్పుడు చూశా. వైరు చుట్ట భుజానేసుకుని ముందు పోతన్నాడు. మంచు కమ్మింది. తర్వాత కాల్పులు. నేను పట్టుబడ్డా. వాళ్ళు ఉంచిన చోట అతను లేడు. ఉన్నాడని చెప్పలేనక్కా, లేడనీ చెప్పలేను."

అంతే. ఇంత దూరం వచ్చినందుకు నాకు దొరికిన జవాబు అది. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. "మా అమ్మకి కలలొస్తున్నాయి. ఆకలని ఏడుస్తున్నాడట. అన్నీ అబద్ధాలు, చూశావుగా, మీ అమ్మ కల కూడా అబద్ధమేగా!" అన్నాను.

"కాదక్కా" అన్నాడు. "మా అమ్మ కల నిజమే. ఆ రోజుల్లో నాకు నిజంగానే ఆకలేసింది. అమ్మా అని ఏడ్చా కూడా. ఆవిడకి వినపడింది. ముద్ద పెట్టింది, అది నా దాకా రాలా."

అప్పుడు అంజమ్మ అడిగింది. "మీ మరదలు నిద్రపోతందా?"

"ఏమో, నాకు తెలియదమ్మా."

"నేను ఒకటి చెప్తా, తిట్టుకోమాకండి. టెలిగ్రాం వచ్చింది మొదలు నేను నిద్రపోలా. బొట్టు చెరిపిన రోజు ఏడ్చి ఏడ్చి పడుకున్నా. అన్నాళ్ళకి మొదటిసారి నిద్ర పట్టింది. పట్టినందుకు నన్ను నేనే తిట్టుకున్నా. చేయించమనను, వద్దనను. ఆ పిల్లని అడగండి. నన్ను అడగలేదు కాబట్టే నాకు ఇప్పటికీ మంట."

మొగుడి ముందే ఆ మాట అంది. అతను ఆమె చేతి గాజులు చూస్తూ కూర్చున్నాడు.

ఇల్లు

చీరాలలో రైలెక్కి ఇంటికి చేరేసరికి బంతి దండ వాడిపోయింది. పెదనాన్న గుమ్మంలోనే ఎదురయ్యాడు. "చూసినవాడు దొరికాడా?" అన్నాడు. ఆయన్ని దాటుకుని వంటింట్లోకి వెళ్ళాను. పూర్ణ బియ్యం ఏరుతోంది. అన్నీ చెప్పాను, గంగాళం, ఉయ్యాల, గాజులు, దండ, లోయ, వైరు చుట్ట. ఏదీ దాచలేదు. చివరికి అడిగాను. "నువ్వు నిద్రపోతున్నావా అమ్మా?"

"ఎలా పోను వదినా? ఏ బండికైనా రావచ్చు, తలుపు తీయాలిగా" అంది. "ఆయన గట్టిగా పిలవరు. మీ అందరికీ నిద్ర పాడవుతుందని వేలితో మెల్లిగా కొడతారు. నాకు తప్ప వినపడదు."

ఆర్నెల్లు. పక్క గదిలో నేను గుర్రుపెట్టి పడుకుంటూ ఉంటే, ఆర్నెల్ల నుంచీ ఈ పిల్ల తలుపు దగ్గర కూర్చుని ఉంది. శాస్త్రం గురించి, టెలిగ్రాం గురించి పెదనాన్నతో అరిచాను గానీ, ఈ ఒక్క మాట అడగలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"నిజంగా మళ్ళీ పెళ్ళి చేశారా? మీ కళ్ళతో చూశారా?" అంది.

"చూశాను. అక్షింతలు నా నెత్తి మీద కూడా పడ్డాయి."

పూర్ణ చేట పక్కన పెట్టింది. "అయితే పెదమావయ్యగారిని కర్మ చేయించెయ్యమనండి వదినా."

నేను నిర్ఘాంతపోయాను. దీన్ని ఆపడానికే కదా నేను అంత దూరం వెళ్ళింది!

"వస్తే మళ్ళీ పుడతారుగా" అంది. "అప్పుడు మళ్ళీ చేసుకుంటాను. గాజులు మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. నేనే తీసుకుంటాను."

అమావాస్య ముందు రోజు కర్మ ముగిసింది. రాయి పట్టుకుని వచ్చిన ముసలమ్మల్ని గుమ్మంలో నేనే ఆపాను. పూర్ణ చేతులకి నూనె రాసుకుని, పన్నెండు గాజులూ ఒక్కటి కూడా చిట్లకుండా తీసి, సత్తిబాబు చొక్కాలో చుట్టి, ఆ వాడిన దండతో పాటు ట్రంకు పెట్టెలో పెట్టింది. తరవాత వంటింట్లో చాప మీద తలుపు వైపు వీపు పెట్టి నిద్రపోయింది. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది, లేవలేదు. మేమెవరం లేపలేదు. తలుపు దగ్గర ఆ పూట నేను కూర్చున్నాను.